హవాయి చెఱకుతోటలలో ఫిలిపినో క్రైస్తవ సంఘములు

కూలికై కడలి దాటిపోవువాడు బట్టలమూటతోపాటు తన దేవునిగూడ వెంట గొనిపోవును. కాని పరదేశమున ఆ దేవునికి గుడి యెవరు కట్టింతురు? బోధకునికి జీత మెవరిత్తురు? చిన్నదిగా దోచు ఈ ప్రశ్నకు లభించిన ప్రత్యుత్తరమును బట్టియే ప్రవాస సంఘముల చరిత్ర నడచినదని నా యభిప్రాయము. ఇందులకు దృష్టాంతముగా ఫిలిప్పైను దేశపు కూలివారు హవాయి దీవులలో నెలకొల్పుకొనిన చిన్న క్రైస్తవ సంఘముల కథను శ్రోతలకు మనవి చేసెదను.

ఫిలిప్పైను దీవులు మూడువందల యేండ్లకు పైగా స్పెయిను టేలుబడిలో నుండి, 1898లో పారిస్ సంధివలన అమెరికా వశమైనవి. ప్రజలలో అధికసంఖ్యాకులు రోమను కతోలికులు. క్రొత్త దొరతనముతో ప్రొటెస్టెంటు మిషనరీలును దిగిరి. తమలో తమకు పోటీ గలుగకుండుటకై వారు 1901లో మనీలాలో సమావేశమై దేశమును పంచుకొనిరి. మనీలాకు ఉత్తరమందలి మైదానములు మెథడిస్టులకును, పశ్చిమ విసాయా దీవులు బాప్టిస్టులకును వచ్చినవి. ఇలోకోసు సీమలో యునైటెడ్ బ్రెద్రెన్, డిసైపుల్స్ అను శాఖలవారు పనిచేసిరి. 1903లో ఇలోకానో భాషలో క్రొత్త నిబంధన వెలువడెను.

ఈ ఇలోకోసు సీమయే కూలివారికి పుట్టినిల్లు. 1906 డిసెంబరు 20వ తేదీని డోరిక్ అను ఓడలో 15 మంది హోనొలూలు రేవున దిగిరి. వారిని రప్పించినది హవాయి చెఱకుతోటల యజమానుల సంఘము. వీరినే సకాడాలందురు. 1946 నాటికి ఇట్లు వచ్చినవారి సంఖ్య 1,25,000 వరకు పెరిగెను. 1930వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ దీవులయందు 63,052 మంది ఫిలిపినోలుండిరి. అందు పెక్కురు ఒంటరి పురుషులు. 1920లో వారి దినకూలి 77 సెంట్లు. ఇలోకానో, విసాయా, తగాలోగు అను మూడు భాషలవా రొకేతోటలో నుండియు, ఒకరి మాట యొకరికి దెలియదు. అచ్చటి కతోలిక గురువులు ఎక్కువగా ఐరోపీయులు. చావు వచ్చినప్పుడు తన భాషలో ప్రార్థన చెప్పువా డొకడు కావలెనని కూలివాడు కోరుట సహజము.

ఆ కొరతను దీర్చుటకే ఫిలిపినో బోధకులు వచ్చిరి. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు. హవాయికి 1820లో అమెరికా నుండి వచ్చిన మిషనరీల వంశీయులే పిమ్మట చెఱకు వ్యాపారమున ప్రభువులైరి. 1851లో స్థాపితమైన కాసిల్ అండ్ కుక్ కంపెనీ స్థాపకు లిరువురును మిషను పని చేసినవారే. అలెగ్జాండర్ అండ్ బాల్డ్విన్ కంపెనీని నెలకొల్పినవారు మిషనరీల కుమారులు. కావున తోట యజమానులు గుడులకు స్థలములిచ్చిరి, బోధనాకార్యమునకు ధనమిచ్చిరి. అందు భక్తి కొంత యుండవచ్చును. తృప్తి చెందిన కూలివాడు పని విడిచిపోడను లెక్కయు గలదు. అట్టి సొమ్ముతో బ్రతుకు బోధకుడు కూలిరేటునుగూర్చి పెదవి విప్పెనా, తిన్న యింటి వాసములు లెక్కించినవాడగును. విప్పకుండెనా, విను కూలివారి కాతనిపై నమ్మకము చెడును.

ఈ చిక్కు 1920లో బయలుపడెను. ఆ జనవరిలో పాబ్లో మన్లాపిట్ నాయకత్వమున ఓఆహు దీవి ఫిలిపినోలు సమ్మెకు దిగిరి, జపానుకూలివారును వారిని గలసిరి. యజమానులు 12,000 మందికి పైగా జనమును ఇండ్లనుండి వెడలగొట్టిరి. అది ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రబలిన కాలము. హోనొలూలులోని సెంట్రల్ యూనియన్ చర్చి బోధకుడగు ఆల్బర్టు పామర్ సమ్మె విరమించి ప్రతితోటయందును కూలివారు తమ ప్రతినిధుల నెన్నుకొను ఏర్పాటు చేయవలెనని ఒక రాజీమార్గమును సూచించెను. జపాను కార్మికనాయకు లంగీకరించిరి, యజమానులు నిరాకరించిరి. ధనవంతుల గుడిలోని బోధకుని మాటయే చెల్లకున్నచో తోటగుడిలోని బోధకుని మాట యెట్లు చెల్లును? 1924 సెప్టెంబరు 9వ తేదీని కవాయి దీవిలో హనపేపేయొద్ద జరిగిన పోరాటమున 16 మంది సమ్మెకారులును, నలుగురు పోలీసులును మరణించిరి.

అయినను సంఘములు నశింపలేదు. ఏలయన వానిని నిలిపినది యజమాని సొమ్మొక్కటియే గాదు. కూలివారు సారనాయ్ అను పరస్పర సహాయ సంఘములు పెట్టుకొని చచ్చినవారికి ఉత్తరక్రియలు జరిపిరి. కుంపాంగ్ అనునది మన చీటీపాట వంటిది, జీతపుదినమున అందఱును సొమ్ము వేసి వంతులవారీగా తీసికొందురు. కుటుంబములు కొద్దిగా నుండుటచే ఒక్క శిశువు బాప్తిస్మమునకు పలువురు జ్ఞానపితలు నిలిచెడివారు. ఇట్లు ఆలుబిడ్డలు లేని ఒంటరివాడును ఒక యింటి చుట్టమయ్యెను. నాకు జూడ అసలైన గుడి ఇదియే.

ఇచ్చట మనవారి కథ జ్ఞప్తికి వచ్చును. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరి నుండి దక్షిణాఫ్రికాలోని నెటాలునకు పోయి, అచ్చటి తెలుగుకూలివారికొఱకు కియర్స్‌నీ తేయాకుతోటలో బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. ఆయనను పంపినది తోట యజమాని గాదు, తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘము. ఈ భేదము చిన్నది గాదు. స్వజనులచే పంపబడిన బోధకుడు స్వజనులకే జవాబుదారి.

కాలము మాఱినది. 1946లో అమెరికా శాసన మొక్కటి ఫిలిపినోలకును మన హిందూదేశీయులకును ఏకముగా పౌరసత్వపు హక్కు నొసంగెను. ఇటీవలి ఫిలిపినో ప్రవాసులలో స్త్రీలు చాలమంది, పరుల యిండ్లలో పనిచేయువారు. వారికొఱకు 1981లో హాంగుకాంగున సెయింట్ జాన్స్ కతీడ్రలు నాశ్రయించుకొని ఫిలిపినో ప్రవాసకార్మికుల మిషను స్థాపితమైనది. అది జీతము దక్కనివారికి, పనినుండి తొలగింపబడినవారికి న్యాయసహాయము చేయుచున్నది. 1920లో తోటగుడి చేయజాలని పనిని ఇది తన ముఖ్యకార్యముగా నెత్తుకొన్నది.

హవాయిలో కడపటి చెఱకుతోట 2016లో మూతపడినది. తోటలు పోయినవి. ఇలోకానో భాషలో ఆరాధన జరుపు సంఘములు మాత్రము నేటికిని కలవు. యజమాని కట్టించిన గోడలు యజమాని యున్నంతవఱకే నిలుచునని పలువురు తలచియుందురు. కూలివారు తమ చిల్లరకాసులతో వానిని తమవిగా జేసికొనిరి.