గంటబండ దీపము

స్కాట్లండు దేశపు తూర్పు తీరమున ఆర్బ్రోత్ అను చిన్న రేవుపట్టణము కలదు. అచ్చటి కొండచరియలన్నియు ఎఱ్ఱని ఇసుకరాయి. దాదాపు 40 కోట్ల యేండ్ల నాటి ఆ రాతిని సముద్రము తొలిచి గుహలుగను, తోరణములుగను మలచినది. విడిగా నిలిచిన యొక రాతిస్తంభమునకు ఊరివారు 'సైతాను తల' యని పేరిడిరి.

ఊరిలోని మఠమును 1178లో విలియం రాజు స్థాపించెను. అదియు ఆ ఎఱ్ఱరాతి కట్టడమే. తమ దేశము స్వతంత్రమని స్కాట్లండు ప్రభువులు 1320లో పోపునకు పంపిన లేఖ ఈ మఠము పేరిటనే వెలువడినది. మఠము శిథిలమైనను దాని గుండ్రని గవాక్షము నిలిచియున్నది. అందు దీపముంచి నావికులకు దారి చూపెడివారని ప్రతీతి.

ఆ వెలుగు కాపాడలేని గండమొకటి 11 మైళ్ల దూరమున నుండెను. అదియే బెల్ రాక్, అనగా గంటబండ. పోటువేళ అది పూర్తిగా నీట మునిగిపోవును. పూర్వము మఠాధిపతి యొకడు దానిపై గంట కట్టించెననియు, ఓడదొంగ దానిని కోసివేసి పిదప ఆ బండకే తగిలి మునిగెననియు కథ. కథ మాట యెట్లున్నను, 1804లో 'యార్కు' అను యుద్ధనౌక సిబ్బందితో సహా అక్కడనే నష్టమైనదని తలంతురు. అంతట గాని దీపస్తంభమునకు ప్రభుత్వము పూనుకొనలేదు.

1807లో పని మొదలయ్యెను. ఆటువేళ నీరు తీసిన కొద్ది గంటలే పనికి వీలు. సెప్టెంబరు 2వ తేదీన బండపై 32 మంది యుండగా వారి ఓడ లంగరు తెగి కొట్టుకొనిపోయెను. మిగిలినవి రెండు చిన్న పడవలు. అందఱికిని చోటు చాలదు. పోటు పొంగి కొలిమి ఆరుదాక కూలీలకు సంగతియే తెలియదు. ఇంజనీరు రాబర్టు స్టీవెన్‌సన్ మాటాడబోగా నోరెండి మాట పెగలలేదట. మడుగునీటితో నాలుక తడుపుకొనుచుండగా ఎవరో 'పడవ!' యని కేకవేసిరి. జేమ్స్ స్పింక్ అను సరంగు ఆర్బ్రోత్ నుండి ఉత్తరములు తెచ్చుచుండెను. ఉత్తరములు ప్రాణములు కాచుట అరుదు గదా!

వడ్రంగి చెక్కను చెక్కతో కూర్చినట్లు రాతిని రాతితో బిగించి సుమారు 115 అడుగుల స్తంభము నిలిపిరి. ఆ ఘనత స్టీవెన్‌సన్‌దా, ప్రధాన ఇంజనీరు జాన్ రెన్నీదా యను వాదము నేటికిని తెగలేదు. ఆ బండపై ప్రాణము లొడ్డి నిలిచినవాడు మాత్రము స్టీవెన్‌సనే. 1811 ఫిబ్రవరి 1న దీపము వెలిగినది. 1988లో కడపటి కావలివారు దిగివచ్చిరి. నాటినుండి యంత్రమే దానిని వెలిగించుచున్నది.