సోమవారం తలనొప్పి

రాయిని పేల్చేదీ మందే, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునేదీ మందే. ఒకే పదార్థానికి ఈ రెండర్థాలూ సరిపోయాయంటే అది నైట్రోగ్లిజరినే. మన ఇళ్లలో గుండెజబ్బున్న పెద్దవాళ్లు జేబులో ఉంచుకునే సార్బిట్రేట్ దీని చుట్టమే.

1847లో ఇటలీలోని ట్యూరిన్‌లో అస్కానియో సొబ్రేరో దీన్ని లోకానికి తెలియజేశాడు. ఒక్క చుక్క నాలుకకు తగిలినా భరించలేని తలనొప్పి వస్తుందని అప్పుడే చెప్పాడు. అయినా అందరి భయమూ పేలుడు గురించే. 1864లో స్టాక్‌హోమ్‌లో జరిగిన పేలుడులో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. 1867లో దీంతోనే చేసిన డైనమైట్‌కు పేటెంట్ వచ్చాక ఫ్యాక్టరీలు వెలిశాయి.

చప్పుడు లేని ప్రమాదం అక్కడే మొదలైంది. ఈ ద్రవం చర్మంలోకి ఇంకుతుంది, ఆవిరై ఊపిరితో లోపలికి పోతుంది. రక్తనాళాలు సడలి తల పోటెత్తుతుంది. కొద్దిరోజులకు ఒళ్లు అలవాటు పడుతుంది. ఆదివారం సెలవు దాటేసరికి ఆ అలవాటు పోయి, సోమవారం పోటు మళ్లీ మొదటికొస్తుంది. దీనికి ఉపాయం కార్మికులే కనిపెట్టుకున్నారు. టోపీ లోపలి పట్టీకి కాస్త మందు రాసుకుని ఇంటికి వెళ్లేవారు. సెలవు పూట కూడా విషాన్ని నెత్తిన పెట్టుకు తిరగాల్సిన బతుకది.

1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ దాన్నే నీళ్లలో బాగా పలచన చేసి, చుక్కలు లెక్కపెట్టి గుండెనొప్పి రోగులకిచ్చాడు. గుణం కనిపించింది. రోగికి కొలత దొరికింది, కార్మికుడికి దొరకలేదు. ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు ఆగేది ఇక్కడే.

20వ శతాబ్దంలో చలికి డైనమైట్ గడ్డకట్టకుండా గ్లైకాల్ డైనైట్రేట్ కలిపారు. అది ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది. తర్వాత తలనొప్పితో ఆగలేదు. సెలవు గడిచాక, మందు తాకని వేళ, కార్మికులు ఛాతీ పట్టుకుని కూలిపోవడం బయటపడింది. వారమంతా మందు నాళాలను సడలిస్తుంటే, శరీరం వాటిని బిగించే పనిలో ఉంటుంది. మందు ఆగగానే బిగింపు ఒక్కటే మిగులుతుంది.

1972లో అమెరికా వైద్యులు ఇలాంటి కొందరు కార్మికుల గురించి ప్రచురించారు. పరీక్షించినవారి గుండె ధమనుల్లో పూడికలు కనబడలేదు. ఒకరికి పరీక్ష జరుగుతుండగానే ధమని బిగుసుకుపోయింది. వైద్యులు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టారు. ధమని తెరుచుకుంది.