పొగగొట్టం చెప్పిన చరిత్ర

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరవాహిని. ఆ నది ఒడ్డు ఊళ్ళ నుంచి పత్తి, మిరప మోసుకుంటూ మంచిర్యాల వైపు సాగే బండ్లలో మా మేనబావ పాత డీజిల్ పికప్ కూడా ఒకటి. కిందటి పత్తి కాలంలో దాని సైలెన్సరు తుప్పుపట్టి చిల్లుపడింది. చూసిన మెకానిక్కు, "డబ్బా తీసేద్దామన్నా, లావు గొట్టం సీదా గుంజుత, బండి ఉరుకుతది" అన్నాడట. బావ నాకు ఫోన్ చేసి, "నువ్వు పుస్తకాలు చదివెటోనివి గదా, ఏది నిజం జెప్పు" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకబోతే ఒక చిన్న చరిత్రే బయటపడింది.

సైలెన్సరు దాదాపు మోటారు బండి ఈడుదే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, కొలంబస్ అనే ఊళ్ళో, మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే సోదరులు 1897లో ఇంజన్ల పొగగొట్టానికి ఇటువంటి సాధనం మీద పేటెంటు పొందారు. రోడ్ల మీద గుర్రాలదే రాజ్యమైన రోజులవి. మోటారు చప్పుడుకు అవి బెదిరిపోయేవి. సైలెన్సరు పుట్టింది ఇంజనుకు బలం కూర్చడానికీ కాదు, దాని బలం హరించడానికీ కాదు. దారిలో పోయే తక్కిన ప్రాణులతో సఖ్యంగా ఉండటానికి పుట్టింది.

మన వైపు చూస్తే, నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. సరుకుల సంగతికి వస్తే, చాలాకాలం ఎడ్లబండి, పెద్ద లారీ, ఈ రెంటి నడుమ రైతుకు అందుబాటులో ఉన్నవి తక్కువ. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చి ఆ ఖాళీని పూరించాయి. ఏస్ ఇంజను రెండు సిలిండర్లది, 702 సీసీలది, శక్తి పదహారు అశ్వాలు. ఇంటి ముందుకే బండి వచ్చింది. దానితోపాటు చప్పుడూ ఇంటి ముందుకు వచ్చింది.

చట్టం అంతకు ముందే మేలుకొంది. 1988 మోటారు వాహనాల చట్టాన్ని అనుసరించి 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలలో 120వది, ప్రతి వాహనానికీ, ట్రాక్టరుతో సహా, సైలెన్సరు ఉండాలంటుంది. 112వది పొగను కిందికీ, ఎడమ వైపుకూ వదలరాదంటుంది. మన దేశంలో పాదచారి ఉండేది ఎడమ పక్కనే కదా! 113వది పొగగొట్టం ఇంధనపు గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదంటుంది. పొడి అంకెల వెనుక ఎంత లోకానుభవమో చూడండి.

ఇక గొట్టం లావు. 50 మిల్లీమీటర్ల గొట్టాన్ని 63కు మార్చితే వ్యాసం నాలుగో వంతు పెరిగినట్టే కనిపిస్తుంది గాని, లోపలి వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంతే పొగ అందులో ఇంకా మెల్లగా నడుస్తుంది. టర్బో లేని ఇంజనులో పొగకు ఆ వేగమే ఆధారం. ముందు పోయిన పొగ వెనుక పొగను లాగుకొని పోతుంది. గొట్టం మరీ వదులైతే తక్కువ వేగంలో, అంటే బరువుతో గట్టు ఎక్కేటప్పుడు, ఆ లాగుడు సన్నగిల్లుతుంది. టర్బో ఉన్న ఇంజనుకు ఆ తరువాతి గొట్టం కొంత ధారాళంగా ఉంటే మేలే. కాని ఇంజను మింగే గాలీ డీజిలూ పెరగనిదే పొగా పెరగదు. లావు గొట్టం వల్ల పెరిగేది ముఖ్యంగా చప్పుడే. చెవి దానిని బలమనుకొని మోసపోతుంది.

సైలెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి గదులు గదులుగా ఉండి ధ్వని తరంగాలను తిప్పికొట్టి ఒకదానితో ఒకటి అణచేది. రెండోది చిల్లుల గొట్టం చుట్టూ గాజునూలు కూర్చి ధ్వనిని పీల్చేది. మొదటిది బరువు, దిట్టం. రెండోది తేలిక, కాని నూలు కాలక్రమేణా చెడుతుంది. దగ్గర దగ్గర ఊళ్ళే తిరిగే బండిలో సైలెన్సరు బాగా వేడెక్కదు. లోపల నీరు చేరి తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. బావ బండికి జరిగింది ఇదే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో కొత్త డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడలు కూడా చేరాయి. వాటిని పీకేస్తే పోయేది నిశ్శబ్దం ఒక్కటే కాదు, ఊపిరి కూడా.

నేను బావకు చెప్పినది ఒక్కటే: "కంపెనీ కొలత గొట్టమే వెయ్యి, గదుల సైలెన్సరే బిగించు. నీ వెనుక ఉన్నది పత్తి. సీదా గొట్టం నుంచి మసి నిప్పురవ్వగా ఎగిరితే ఆరునెలల చెమట బూడిద."

బావ అలాగే చేశాడు. ఆ మధ్య చెన్నూరు వెళ్ళినప్పుడు అత్తమ్మ ఒక ఫిర్యాదు చేసింది: "గీ బండి వచ్చుడు ఎరుకైతలేదు బిడ్డా, అన్నం ఎప్పుడు వడ్డించాల్నో!" రీవ్స్ సోదరుల పనితనానికి ఇంతకన్న మంచి యోగ్యతాపత్రం నాకు తోచలేదు.