మంచునదిపై ఒంటరి గాలము

చైనా దేశపు ప్రాచీన చరిత్రలలో చేపలు పట్టువాడు తరచుగా కనిపించును. అతడు పట్టిన చేపలను గురించి మాత్రము చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. వై నది ఒడ్డున గాలము వేసి కూర్చున్న ల్యూ షాంగ్ అను వృద్ధుని వెన్ రాజు చూచి, వెంట తీసికొనిపోయి, మంత్రిగా చేసికొన్నాడని పురాగాథ. గాలమునకు పదవి తగిలిన కథ ఇది.

దీనికి ఎదురు కథ యాన్ గువాంగ్‌ది. క్రీ.శ. 25లో సింహాసనమెక్కిన గువాంగ్‌వు చక్రవర్తికి ఇతడు సహాధ్యాయి. మిత్రుడు చక్రవర్తి కాగానే పేరు మార్చుకొని మాయమైనాడు. వెదకించగా, గొర్రెతోలు కప్పుకొని ఒక మడుగు ఒడ్డున గాలము వేయుచు దొరికినాడు. రాజభవనమునకు రప్పించి, చక్రవర్తి తన ప్రక్కనే పరుండబెట్టుకొనగా, నిద్రలో ఆయన పొట్టపై కాలు వేసినాడట. మరునాడు జ్యోతిష్కుడు పరుగున వచ్చి, రాత్రి ఏదో కొత్త నక్షత్రము రాజనక్షత్రముపైకి వచ్చినదని విన్నవించగా, అది తన స్నేహితుడేనని చక్రవర్తి నవ్వినాడట! ఉద్యోగమిచ్చినను యాన్ గువాంగ్ పుచ్చుకొనలేదు. ఫూచున్ కొండలకు పోయి సేద్యము చేసికొన్నాడు.

పదవి కొరకు గాలము వేసినవాడొకడు, పదవి వలదని వేసినవాడొకడు. ఈ ఇద్దరిలో ఎవరికిని చెందని మూడవవానిని సృష్టించినవాడు ల్యూ జోంగ్‌యువాన్.

ఇతడు 773లో పుట్టినాడు. 805లో టాంగ్ వంశమున షున్‌జోంగ్ చక్రవర్తి అయినాడు. వ్యాధిచే అప్పటికే ఆయన మాట పడిపోయినది. ఆయన పేరున వాంగ్ షువెన్ అను మంత్రాంగవేత్త, అతనితో కొందరు యువకులు కొన్ని సంస్కరణలకు పూనుకొన్నారు. రాజభవనము పేరిట అంగడి సరకులను ఉత్తపుణ్యమునకు లాగుకొను దురాచారమును రద్దు చేసినారు. ఆ యువకులలో ల్యూ ఒకడు. ఏడాది తిరుగకముందే చక్రవర్తి సింహాసనము విడువవలసి వచ్చినది, వీరందరు చెల్లాచెదరైనారు. ల్యూను దక్షిణమున యోంగ్‌జౌకు పంపినారు. పేరుకు ఉద్యోగము, చేయుటకు పని లేదు, ఉండుటకు ఇల్లు లేదు. ఒక బౌద్ధాలయములో తల దాచుకొన్నాడు. వెంట వచ్చిన తల్లి మరుసటి ఏడే, 806లో, అక్కడ కన్నుమూసినది. క్షమాభిక్షలు ప్రకటించినను ఈ బహిష్కృతులకు వర్తింపవని ఆజ్ఞ వెలువడినది.

పని లేనివాడు కొండలు, వాగులు పట్టి తిరిగినాడు. ఒక వాగు ఒడ్డున స్థిరపడి, మూర్ఖుడనైన తాను ఉండు చోటు గనుక, దానికి మూర్ఖుని వాగు అని పేరు పెట్టినాడు. మరియొక చోట రాతిమడుగులో నూరు చేపలు గాలిలో తేలినట్లు నిలిచియుండుట చూచి, ఆ దృశ్యమును గద్యములో చిత్రించినాడు.

యోంగ్‌జౌ మంచు ప్రదేశము కాదు. అక్కడికి వచ్చిన రెండవ శీతకాలమున పెద్ద మంచు కురిసి కొండలు దాటి దక్షిణమున అనేక మండలములను కప్పివేసినదనియు, అది ఎన్నడు చూడని కుక్కలు మంచు కరగిపోవు వరకు దినముల తరబడి మొరుగుచు పరుగులెత్తినవనియు ఒక ఉత్తరములో తానే వ్రాసినాడు. అతని ప్రసిద్ధమైన మంచునది పద్యము యోంగ్‌జౌ నాటిదని పండితులు తలంతురు. అందు ఇరువది అక్షరములు మాత్రమే. పక్షులు లేవు, దారిలో అడుగుల జాడ లేదు. పడవలో గడ్డితో అల్లిన పైకప్పు, టోపీ ధరించిన ఒక ముసలివాడు ఒంటరిగా గాలము పట్టుకొనియున్నాడు. మన రైతు వానలో గొంగడి కప్పుకొన్నట్లే అక్కడివారికి ఆ గడ్డికప్పు. గాలము వేసి ఎరుగుదురు గదా: చలికి నీరు చల్లబడినప్పుడు చేప మందగించి లోతునకు దిగును, మేత తగ్గించును. తెలిసిన జాలరి అటువంటి నాడు ఇల్లు కదలడు. ముసలివాడు కదలినాడు.

నాలుగు వందల యేండ్ల తరువాత, 1195 ప్రాంతమున, సాంగ్ ఆస్థాన చిత్రకారుడైన మా యువాన్ పట్టుగుడ్డపై ఇటువంటి దృశ్యమునే చిత్రించినాడు. చిన్న పడవ, ముందుకు వంగిన మనిషి, చుట్టును దాదాపు శూన్యము. దారము చుట్టు చక్రము బిగించిన గాలపుకర్ర చిత్రములలో మనకు తెలిసినంతవరకు ఇదే మొదటిది. చిత్రము టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. ఇట్టి బొమ్మలను గోడకు తగిలించి చూచుకొన్నవారిలో పదవులలో కూర్చున్నవారు తక్కువ కారు. కచేరీ పనులతో విసిగినవారికి ఆ ముసలివాడు నిశ్చింతకు రూపముగా తోచినాడు. నాకు అట్లు తోచదు. ల్యూ విరాగి కాడు. రాజధానికి తిరిగి రానిమ్మని పెద్దలకు ఉత్తరములు వ్రాయుచునే యుండినాడు.

పదేండ్ల తరువాత, 815లో, పిలుపు వచ్చినది. రాజధాని చేరిన కొలది దినములకే అతనిని మరింత దూరమున ల్యూజౌకు పాలకునిగా పంపివేసినారు. 819లో అక్కడనే, నలుబది ఆరేండ్లకు, మరణించినాడు. మరునాటి ఏడు అతని దేహమును ఉత్తరమునకు మోసుకొనిపోయి, రాజధాని చెంత పూర్వుల సమాధుల ప్రక్కన పాతిపెట్టినారు. స్మృతిలేఖను మిత్రుడు హాన్ యూ వ్రాసినాడు.