మాటకిచ్చిన జాగా మనిషికివ్వలేదు

టులెట్ బోర్డు మీద మతం రాసి ఉండదు. పేరు చెప్పినంక కనబడుతుంది.

జనగామ నుంచి హైదరాబాద్ ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. ఏళ్ల తరబడి పొద్దటి బండికి వచ్చి రాత్రి బండికి తిరిగి పోయినవాణ్ణి. పత్రికలో పని ముగిసేసరికి ఆఖరు బండి కూడా వెళ్లిపోయేది. ఇక లాభం లేదని ఉప్పల్ దాటినంక వరంగల్ రోడ్డు పక్క కాలనీల్లో కిరాయి ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి చదువుకో కొలువుకో వచ్చినవాడు ముందు దిగేది అక్కడే. అక్కడ మన యాస వినబడుతుంది. మన ఊరి పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లుంటారు.

మొదటి ఇంటి ఓనరు అట్లాగే గుర్తుపట్టాడు. "జనగామనా? అరె, మాది దేవరుప్పుల దిక్కే అన్నా" అన్నాడు. చాయ్ తెప్పించాడు. రెండు గదులు, వంటిల్లు, బోరు నీళ్లు అన్నీ చూపించాడు. అడ్వాన్సు దాకా మాట వచ్చినంక పేరడిగాడు. చెప్పాను. చాయ్ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. "మాకేం పట్టింపు లేదన్నా, పై పోర్షనోళ్లే ఒప్పుకోరు" అన్నాడు.

రెండో ఇంట్లో తిండి అడ్డమొచ్చింది. దసరాకు యాటపోతు తెగని ఇల్లు మా వైపు ఎన్ని ఉంటాయి? అయినా మాంసం మా ఇంట్లో ఉడికితేనే వాసన వస్తుందట. మూడో చోట ఫోన్లోనే తేలిపోయింది. "మీ తెలుగు మంచిగున్నది సార్, అసలు తెల్వనే తెల్వలే" అని మెచ్చుకుని పెట్టేశాడు. తెలుగులోనే పుట్టి, తెలుగులోనే రాసి బతికేవాడికి ఆ మెప్పు ఎట్లా తగులుతుందో చెప్పడం కష్టం.

కిరాయి. ఖాళీ. జాగా. దర్వాజ. రసీదు. జామీను. దస్తావేజు. ఇవన్నీ ఉర్దూ నోటి నుంచి తెలుగు ఇంట్లోకి వచ్చిన మాటలు. వాటిని ఎవరూ పేరడగలేదు, అడ్వాన్సు అడగలేదు. వాటికి సొంతింట్లో ఉన్నంత స్వేచ్ఛ. అదే ఉప్పల్ రోడ్డు మీద పీర్జాదిగూడ ఉంది. పీర్జాదా అంటే పీరు సంతానం. మా మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వల్ల వచ్చింది. ఊళ్లకు ఆ పేర్లుండొచ్చు, కిరాయిదారుకు మాత్రం ఉండకూడదా?

ఇది తాతల నాటి ఆచారమేనా? మా నానమ్మ ఇంటికి, పక్కన కుమ్మరోళ్ల ఇంటికి మధ్య ఒకటే గోడ. మొహర్రం నాడు పీరునెత్తుకునే చేతుల్లో హిందువుల చేతులూ ఉండేవి. అయితే ఊరంతా అలాయిబలాయి అని నేననను. ఆ ఊళ్లోనే మాల మాదిగల ఇళ్లు ఊరవతల ఉండేవి. ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో కులం ముందే గీత గీసింది. పట్నం ఆ గీతను చెరిపెయ్యలేదు, దానికి ఇంకో గీత కలిపింది.

ఆ రెండో గీత ఎప్పుడు పడింది? మాకు తగిలించిన పేరు నుంచి మొదలుపెట్టాలి. ముస్లిమంటే నిజాం మనిషి, రజాకారు. జనగామ చరిత్రే దీనికి జవాబు. మా దేవరుప్పుల దిక్కే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు ఉండేవాడు. జాగీర్దారు కాదు, నవాబు అంతకన్నా కాదు. తన చారెడు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో కోర్టులో కొట్లాడాడు. 1940ల మొదట్లో దొర మనుషులు అతణ్ణి చంపేశారు. 'మాభూమి' నాటకానికి ఆధారమైంది ఆ కథే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగక ముందే ఆ దొర చేతిలో పోయిన ప్రాణం ఒక ముస్లిందని ఎంతమందికి గుర్తుంది?

రజాకార్లు లేరని కాదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో వాళ్లు చేసిన ఊచకోతను ఏ ముస్లిమూ దాచిపెట్టకూడదు. అదే నెలలో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపిందీ వాళ్లే. అతడూ ముస్లిమే, పైగా నా వృత్తివాడు. ఈ రెండో సంగతి గుర్తుంటే మా అందరినీ ఒకే గాటన కట్టడం సాధ్యమయ్యేది కాదు.

సెప్టెంబరులో పోలీస్ చర్య వచ్చింది. ఆ తర్వాత జరిగినదాన్ని విచారించిన సుందర్‌లాల్ బృందం, రాష్ట్రమంతటా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ తర్వాత చెప్పిన జిల్లాల్లో నల్లగొండ ఉంది. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండలోనే ఉండేది. ఈ నివేదిక జనం చేతికి వచ్చింది 2013లో. అరవై ఏళ్లకు పైగా ఒక పక్క దుఃఖమే పాఠమైంది, రెండో పక్క దుఃఖం అల్మారాలో ఉండిపోయింది. ఊళ్లో ఉండలేక ముస్లింలు తాలూకా కేంద్రాలకు, పట్నానికి చేరారు. పదిమంది ముస్లింలున్న చోటే తలదాచుకోవాలన్న భయం మా ఇళ్లలో అప్పుడే పుట్టింది. 1990 డిసెంబరులో హైదరాబాద్ అల్లర్లు వందకు పైగా ప్రాణాలు తీశాయి. రెండేళ్లకు బాబ్రీ మసీదు కూలింది. కలిసున్న గల్లీల నుంచి ఎవరి మనుషుల దగ్గరికి వాళ్లు సామాన్లు సర్దుకున్నారు. ఆ తర్వాత లేచిన కొత్త కాలనీలకు ఆ భయమే పునాది. ఇప్పుడు మమ్మల్ని చూపించి "వాళ్లంతా ఒక్కచోటే ఉంటరు" అంటారు. ఉండనిస్తే కదా ఇంకోచోట ఉండేది!

చట్టం ఏం చేసింది? సాయుధ పోరాటం రగులుతుండగానే 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం దున్నేవాడికి కొంత రక్షణ ఇచ్చింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంట్లో ఉన్నవాణ్ణి ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకుండా ఆపింది. కానీ గడప దాటనివ్వని ఓనరును ఏ చట్టం ఆపుతుంది? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోవద్దంటుంది. కిరాయి ఇల్లు ఆ జాబితాలో లేదు. హోటల్లో చాయ్ నా హక్కు, ఆ వీధిలో ఇల్లు ఓనరు దయ. గుజరాత్‌లో పార్సీలకే సభ్యత్వమన్న ఒక గృహ సహకార సంఘం నియమం చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడే సచార్ కమిటీ, ముస్లింలకు ఇళ్లు కిరాయికి ఇవ్వడం లేదన్న గోడును తన నివేదికలో రాసుకుంది. 

ఇంకో పద్ధతి లేదా అంటే ఉంది. భూపాలపల్లిలో మా ఖాలా కొడుకు సింగరేణి కార్మికుడు. అతనికి కంపెనీ క్వార్టర్ వంతు ప్రకారం వచ్చింది. కుడి పక్క ఎవరు, ఎడమ పక్క ఎవరు అని ఎవరూ అడగలేదు. రంజాన్‌కు ఖీర్ గోడ దాటుతుంది, బతుకమ్మకు సద్దులు గోడ దాటి వస్తాయి. వాళ్లేం మహాత్ములు కారు, నీళ్ల దగ్గర కొట్లాడుకుంటారు కూడా. ముందు పక్కపక్కన ఉన్నారు, తర్వాత అలవాటు పడ్డారు. బయట మాత్రం అలవాటు పడితేనే ఇల్లిస్తామంటారు. ఇల్లు లేకుండా అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది?

చివరికి నాకు ఇల్లు దొరికింది. రోడ్డుకు చాలా లోపల, ముస్లిం బస్తీలో, ముందు చూసినవాటికన్నా ఎక్కువ కిరాయికి. ఓనరు సాబ్ సలాం చేసి కూర్చోబెట్టాడు. "ఆప్ కౌన్ లోగ్?" అని మా బిరాదరీ ఆరా తీశాడు. నచ్చినట్టుంది. "మీకన్నా ముందు మానుకోట పిల్లగాడొకడొచ్చిండు, చర్చికి పోయెటోళ్లు, ఎస్సీలట. లేదని చెప్పిన" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

నెల రోజులుగా నేను విన్న మాటే అది. ఆ క్షణాన నేనేమైనా అనాల్సింది. అనలేదు. బయట ఆటోలో సామాన్లున్నాయి, పిల్లలు నిద్రకు తూగుతున్నారు. అడ్వాన్సు ఇచ్చి, రసీదు రాయించుకుని, తాళంచెవి తీసుకున్నాను. మానుకోట పిల్లవాడు ఆ సాయంత్రం ఇంకెన్ని గేట్లు కొట్టాడో నాకు తెలియదు.