బడి రాష్ట్రానిది, మంత్రి కేంద్రానిది

భారత కేంద్ర మంత్రివర్గంలో విద్యాశాఖది మొదటినుంచీ కొంత విచిత్రమైన స్థానం. రైల్వే మంత్రికి రైళ్లున్నాయి, రక్షణ మంత్రికి సైన్యముంది. విద్యామంత్రికి మాత్రం కేంద్రీయ, నవోదయ విద్యాలయాల వంటి కొద్దిపాటి సంస్థలు తప్ప సొంతంగా బడులు లేవు, ఎందుకంటే దేశంలోని ప్రభుత్వ పాఠశాలల్లో అత్యధిక భాగం రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనో స్థానిక సంస్థల చేతిలోనో ఉన్నాయి. తన అజమాయిషీలో లేని వ్యవస్థను కదిలించడానికి ఈ మంత్రులు వెతికిన దారులే ఆ పదవి చరిత్ర.

ఈ స్థితి వలసపాలన నాటి వారసత్వం. 1854లో చార్లెస్ వుడ్ పంపిన తాఖీదును అనుసరించి వేర్వేరు ప్రాంతాల్లో ప్రజాబోధన శాఖలు ఏర్పడగా, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో విద్యకు ప్రత్యేక సభ్యుడు రావడానికి 1910 దాకా, అంటే హార్కోర్ట్ బట్లర్ నియామకం దాకా, ఆగవలసి వచ్చింది. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలనలో, అనగా కొన్ని శాఖలను గవర్నర్లకూ మరికొన్నింటిని ఎన్నికైన మంత్రులకూ పంచిన ఏర్పాటులో, విద్య ప్రాంతీయ మంత్రుల పాలైంది. కేంద్రానికి సలహా చెప్పడానికి 1920లో పెట్టిన కేంద్ర విద్యా సలహా మండలిని పొదుపు పేరిట 1923లో ఎత్తివేసి 1935లో మళ్లీ నిలబెట్టారు. ఆ మధ్యకాలంలో విద్య, ఆరోగ్యం, భూములు మూడూ కలిసి ఒకే శాఖగా నడిచాయంటే ఢిల్లీ దృష్టిలో చదువుకున్న విలువ ఎంతో ఊహించవచ్చు. 1945లో గాని విద్యాశాఖ వేరుపడలేదు.

మక్కాలో పుట్టి, ఆధునిక పాఠశాల మెట్లెక్కకుండా ఇంటివద్దనే సంప్రదాయ విద్య నేర్చిన మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1947 జనవరిలో ఈ శాఖను చేపట్టి, 1958 ఫిబ్రవరి 22న మరణించేవరకు నిర్వహించారు. పద్నాలుగేళ్లలోపు బాలబాలికలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో ఆదేశించింది గాని, విద్యను ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో ఉంచింది. కేంద్రానికి ప్రధానంగా దక్కినది ఉన్నత విద్యా ప్రమాణాలను నిర్ణయించి సమన్వయపరిచే అధికారం మాత్రమే. లక్ష్యం దేశానికంతటికీ, సాధనాలు రాష్ట్రాలకూ చెందిన ఈ ఏర్పాటులో ఆజాద్ తన చేతికి అందిన పైమెట్టు మీదనే ఎక్కువగా పనిచేశారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో విశ్వవిద్యాలయ కమిషను, లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952లో మాధ్యమిక విద్యా కమిషను ఏర్పడ్డాయి. 1953 డిసెంబరులో ప్రారంభమైన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి 1956లో చట్టబద్ధత వచ్చింది. ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీకి దొరికిన భవనం హిజ్లీ నిర్బంధ శిబిరానిది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు నేలకొరిగిన ఆ ఆవరణలోనే 1951లో ఇంజనీరింగు తరగతులు మొదలయ్యాయి. అయితే ఐఐటీలు పుట్టుకొచ్చినంత వేగంగా పల్లెబడులు పుట్టలేదు. పదేళ్ల గడువు తీరిపోయింది. ఆ వైఫల్యాన్ని ఆజాద్ ఒక్కరికే అంటగట్టడం న్యాయం కాదు.

తరువాతి కాలంలో ఎం.సి. చాగ్లా హయాంలో ఏర్పడిన కొఠారి కమిషను ఆధారంగా 1968లో తొలి జాతీయ విద్యావిధానం వెలువడింది. విధానం అంటే చట్టం కాదు. రాష్ట్రాలు ఇష్టపడితేనే అమలయ్యే తీర్మానం. అసలు మలుపు 1976లో అత్యవసర పరిస్థితి నడుమ వచ్చింది. 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్రాల జాబితా నుంచి తీసి, కేంద్ర రాష్ట్రాలు రెండూ శాసనం చేయగల, విభేదం వస్తే సాధారణంగా కేంద్ర చట్టమే చెల్లే ఉమ్మడి జాబితాలో చేర్చింది. అంత పెద్ద మార్పు అంత తక్కువ చర్చతో జరగడం ఈ చరిత్రలో మచ్చ అనే చెప్పాలి.

1985 సెప్టెంబరులో విద్యాశాఖ మానవ వనరుల అభివృద్ధి శాఖలో కలిసినప్పుడు దాని బాధ్యత పి.వి. నరసింహారావుకు దక్కింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్‌లో విద్యామంత్రిగా పనిచేసిన ఆయన, ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ప్రతిభగల గ్రామీణ విద్యార్థులను ఎంపిక చేసి, వసతి, భోజనం, చదువు ఒకేచోట ఉచితంగా కల్పించే ఆ పద్ధతికి దగ్గరగా, ఆరవ తరగతి నుంచి ప్రవేశమిచ్చే నవోదయ విద్యాలయాలను జిల్లాకొకటి చొప్పున నెలకొల్పాలని 1986 నాటి జాతీయ విద్యావిధాన కాలంలో కేంద్రం తలపెట్టింది. కాని స్థలం ఇవ్వవలసింది రాష్ట్రమే. భాషావిధానంపై అభ్యంతరంతో తమిళనాడు అంగీకరించకపోవడంతో ఆ రాష్ట్రంలో నవోదయలు వెలియలేదు. ఉమ్మడి జాబితా వచ్చిన తరువాత కూడా కేంద్రమంత్రి మాట చెల్లుబాటు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోగలదని ఆ ఉదాహరణ తేటతెల్లం చేసింది.

అందువల్ల క్రమంగా నచ్చజెప్పడం తగ్గి, నిధులకు నిబంధన జోడించడం పెరిగింది. 2002లో 86వ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేయగా, 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది; సర్వశిక్షా అభియాన్, ఆపైన సమగ్ర శిక్ష పథకాల ద్వారా కేంద్రం ఖర్చులో వాటా భరిస్తోంది. పెద్ద రాష్ట్రాలకు ఆ వాటా నూటికి అరవై. 2020లో శాఖకు పాత పేరైన విద్యాశాఖ తిరిగి వచ్చింది, కొత్త విధానం వెలువడింది, 2022లో పీఎం శ్రీ పాఠశాలల పథకం దానికి తోడైంది. ఆ పథకం ఒప్పందంపై సంతకం చేయని తమిళనాడుకు సమగ్ర శిక్ష నిధులు ఆగిపోగా, ఆ రాష్ట్రం 2025లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది.