బొటనవేలు అడగని గురువు



మన దేశంలో ఆటగాళ్లను తయారుచేసిన కోచ్‌కు సర్కారు 1985 నుంచి ఒక అవార్డు ఇస్తోంది. దాని పేరు ద్రోణాచార్య. చదువు చెప్పనని వెళ్లగొట్టి, తనంతట తాను నేర్చుకున్న ఆదివాసీ పిల్లగాడి బొటనవేలు కోయించుకున్న మనిషి పేరది! ఇందల్వాయి చుట్టుపక్కల నుంచి వచ్చే డిగ్రీ పిల్లలకు ఏకలవ్యుడి కథ చెప్పినప్పుడల్లా ఈ అవార్డు గురించి కూడా చెప్తాను. ఆ వెంటనే సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్తాను.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు, తర్వాత కమర్ క్లబ్‌కు ఫుట్‌బాల్ ఆడాడు. బతుకుదెరువుకు బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యాడు, చనిపోయేదాకా వదల్లేదు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. తేదీలు ఒక్కసారి చూడండి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్య. హైదరాబాద్ ముస్లిం అంటే అనుమానంగా చూసే రోజులు. 1951 మార్చిలో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్‌కు స్వర్ణం తెచ్చిన జట్టు కోచ్ ఆ హైదరాబాద్ ముస్లిం పంతులే.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో ఓడిపోయారు. చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ ఉత్తకాళ్ల గురించి మన పత్రికలు మురిపెంగా రాస్తుంటాయి. మురిసేవాళ్లు ఎప్పుడైనా దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచారా? మన తాతలు నడిచారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. మరి బూట్లు కొనలేనివాళ్ల సంగతి?

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లగాడు, 1936లో పుట్టాడు. పేదింటి బిడ్డ. పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే ఒకాయనతో ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడేవాడు. ఆ కుట్టినాయన పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆయన వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

రహీం ఆ పిల్లగాడి ఆట చూసి శిక్షణకు రమ్మన్నాడు. రోజూ అంత దూరం రావడానికి పైసలు లేవన్నాడు బలరాం. అద్దె సైకిల్‌కు రహీం తన జేబులోంచి డబ్బులిచ్చాడు. ఈ సంగతి బలరామే తర్వాత చెప్పుకున్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టింది ఆ సైకిల్ పిల్లగాడే.

రహీం పాఠం కూడా వేరుగా ఉండేది. రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలని, అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవాడు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో రాయ్ ఫ్రాన్సిస్ అనే నల్లజాతి రగ్బీ లీగ్ ఆటగాడు ఉన్నాడు. వేల్స్‌వాడు. 1946లో ఆస్ట్రేలియా వెళ్లిన బ్రిటన్ జట్టులో ఆయనకు చోటు దక్కలేదు. అక్కడి వర్ణవివక్షకు తలొగ్గే పక్కనపెట్టారని చరిత్రకారులు అంటారు. ఆయన కోచ్ అయ్యి హల్ క్లబ్‌ను 1956లో, 1958లో ఛాంపియన్‌ను చేశాడు. 1968లో లీడ్స్‌కు ఛాలెంజ్ కప్ తెచ్చిపెట్టాడు. మ్యాచ్‌లకు ఆటగాళ్ల ఇంటివాళ్లు కూడా రావాలని వాళ్ల ప్రయాణం ఏర్పాట్లు తానే చూసేవాడట. ఒకరిది సైకిల్ అద్దె, ఇంకొకరిది బండి ఏర్పాటు. గెంటివేత రుచి తెలిసినవాళ్లకే ఇలాంటివి తోస్తాయని నా నమ్మకం. బ్రిన్‌మార్ అనే ఊళ్లో 2023లో ఫ్రాన్సిస్ విగ్రహం పెట్టారు.

1962 జకార్తా నాటికి రహీంకు క్యాన్సర్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని గొడవలో ఇండోనేషియా జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.

వచ్చే భాగంలో పల్వంకర్ బాలూ గురించి రాస్తాను.